బొట్టు కారని జాయింటు

లారీ డీజిల్ పంపుకి ఏ ఫిట్టింగు వాడితే మంచిదని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. రిటైరయి ఇన్నేళ్లయినా, పోర్ట్ బ్లెయిర్‌లో పాత మెకానిక్ ఎవరని అడిగితే ఎవరో ఒకరు మా ఇంటి దారి చూపిస్తారు. జవాబు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ట్యాంకు నుంచి పంపుదాకా ఉక్కు పైపు వాడండి, పంపు మూతి దగ్గర బోల్టుకి అటొకటి ఇటొకటి మెత్తటి రాగి వాషర్లు వేయండి అంటాను. కుర్రాళ్లు తలూపి వెళ్లిపోతారు. ఆ రెండు ముక్కలూ నేర్చుకోవడానికి నేనొక పెద్దమనిషి పరువు పణంగా పెట్టానని వాళ్లకి తెలియదు. పోనీ నా పరువా అంటే అదీ కాదు, ఆయనది. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. మన దీవుల పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడినంత తేలిగ్గా చదవడం రాదు. రానివాళ్లు ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించుకోండి, తప్పేం లేదు.

మాది సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబం. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వలలు మూటగట్టుకుని ఓడెక్కి వచ్చినవాడు. నాకు ఊహ తెలిసేసరికే మేం ఇక్కడివాళ్లం. చిన్న పడవల్ని ఇక్కడ డోంగీలంటారు. వాటికి డీజిల్ ఇంజన్లు బిగించడం మొదలైన రోజుల్లో నేను ఆ ఇంజన్ల చుట్టూ తిరిగి పని నేర్చుకున్నాను. ఎవరి ఇంజన్ మొరాయించినా నన్ను పిలిచేవారు. చేత్తో ముట్టుకుంటే చాలు, లేచి కూర్చుంటుందని పేరొచ్చింది. పాతికేళ్ల వయసులో అలాంటి పేరొస్తే మనిషి నేలమీద నిలవడు. నేనూ నిలవలేదు.

ఆ పేరు వల్లే సర్కారు లారీల వర్క్‌షాప్‌లో నాకు టెంపరరీ మెకానిక్ ఉద్యోగం దొరికింది. మా ఇంట్లో నెలజీతం ముఖం చూసిన మొదటివాణ్ని నేనే. ఏడాది తిరిగితే పర్మనెంట్ చేస్తామన్నారు. అప్పటికే చేసేసినట్టు మా నాన్న ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

మా ఫోర్‌మన్ ఇక్కడే పుట్టి పెరిగిన ముసలాయన. ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. హిందీ తప్ప ఇంకో భాష మాట్లాడేవాడు కాదుగాని, తెలుగులో తిడితే మాత్రం ఒక్క ముక్క వదలకుండా అర్థం చేసుకునేవాడు. వర్క్‌షాప్‌లో ఏడెనిమిది లారీలుండేవి. చాతం కోత మిల్లు నుంచి చెక్క, జెట్టీ నుంచి సిమెంటూ రేకులూ ఎత్తుకుని వలస కుటుంబాల కోసం కొత్తగా వేసిన సెటిల్మెంట్ గ్రామాలకి చేర్చడం వాటి పని. పిల్లలకి బడులు కట్టాలి, డిస్పెన్సరీలు కట్టాలి, అన్నీ ఒకేసారి కట్టాలి. బండి ఒక్కరోజు ఆగితే ఎక్కడో ఒక గోడ ఆగిపోయేది.

వాటిలో ఒక లారీ తుష్నాబాద్ వైపు తిరిగేది. దాని డ్రైవర్ మన తెలుగాయనే, గోదావరి పక్కవాడు. క్రైస్తవుడు. అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న షాదీపూర్‌లో భార్యతో ఉండేవాడు. వయసు యాభై దాటింది. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ని. ఆయన సంగతి ఊరందరికీ తెలిసిందే. ఒకప్పుడు విపరీతంగా తాగేవాడు. జీతం రోజున ఆయన్ని వెతకడానికి భార్య బయల్దేరితే, దారిలో ఉన్నవాళ్లు అడక్కుండానే ఎటెళ్లాడో చెప్పేవారట. ఒక ఆదివారం తెలుగు చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, ఇక ముట్టనని సాక్ష్యం చెప్పాడు. చెప్పినట్టే ముట్టలేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికి అది జరిగి పదకొండేళ్లు. మనిషి నోట్లో నాలుక లేనట్టుండేవాడు. బండి మాత్రం అద్దంలా ఉంచుకునేవాడు.

ఇక్కడి ఉప్పుగాలి ఇనుమునేం చేస్తుందో చెప్పక్కర్లేదు. ఒకరోజు ఆయన బండికి ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి వెళ్లే ఉక్కు పైపు తుప్పు తినేసి విరిగింది. ఫీడ్ పంపు అంటే ట్యాంకులో డీజిల్‌ని లాగి ఇంజన్‌కి అందించే చిన్న పంపు. దాని మూతి దగ్గరుండే బోల్టూ వాషర్లూ కూడా పాడైపోయాయి. స్టోర్‌లో అడిగితే, సరుకు ఓడలో వస్తోంది, రెండు నెలలు పడుతుందన్నారు. తుష్నాబాద్‌లో బడి కప్పుకి చెక్క కావాలి. ఉస్తాద్ తల పట్టుకున్నాడు.

“ఇదా ఇంత ఆలోచన? నేను చేస్తాను” అన్నాను.

మా డోంగీల పద్ధతి నాకుంది కదా. సముద్రం మీద ఉక్కు పైపు ఎవరు వాడతారు? గొట్టం తొడగడానికి ఇత్తడి నిపిల్, దానికి రబ్బరు గొట్టం, పైన క్లిప్పు. ఇత్తడి తుప్పు పట్టదు, రబ్బరు అదురుకి విరగదు. మా నాన్న పడవ సామాన్లలోంచి మంచి నిపిల్‌లు రెండు ఏరి తెచ్చాను. పంపు మూతిలో ఉన్న మర చుట్లకి నా నిపిల్ మర సరిగ్గా కలవలేదు. కలవకపోతే ఏంటి? మేం పడవల్లో చేసేదే చేశాను. మర చుట్టూ నూలుదారం చుట్టి, రంగు పూసి, రెంచితో బిగించాను. అది ఎండి రాయిలా కూర్చుంది. పైపు విరిగిన పూటే బండి సిద్ధం. ఓడతో పనేముంది అని ఉస్తాద్ అందరి ముందూ నా వీపు తట్టాడు.

ఊరికే అల్లాటప్పాగా చేశాననుకోకండి. లీకు చూడటంలో నేను చాలా నిష్ఠాపరుణ్ని. జాయింటు కింద ఒక అట్టముక్క పరిచి, గంటసేపు ఇంజన్ తిప్పి, పక్కనే గొంతుక్కూర్చుని చూశాను. ఒక్క బొట్టు పడలేదు. ఆ పొడి అట్టముక్కని సర్టిఫికెట్‌లా అందరికీ తిప్పి చూపించాను కూడా.

వారం తిరక్కుండానే బాబాయ్ వచ్చాడు. “అబ్బాయ్, లోడుతో గుట్ట ఎక్కుతుంటే ఇంజన్ నీరసపడి ఆగిపోతోంది. ఫీడ్ పంపు మీదున్న చేతి పంపు కొట్టి, ఫిల్టరు మీద స్క్రూ వదులు చేస్తే నురగ వస్తోంది. నురగంతా పోయేదాకా కొడితే మళ్లీ లేస్తోంది. ఎక్కడో గాలి తాగుతోందిరా.”

నేను అట్టముక్క పరిచి చూశాను. పొడిగా ఉంది.

“లీకు లేందే గాలెలా వస్తది బాబాయ్? డ్రమ్ములో డీజిల్ బాలేదేమో. మీరు ట్యాంకు అడుగంటేదాకా నడుపుతున్నారేమో, చూసుకోండి.”

“సగం ఉంది ట్యాంకు.”

“అయితే నాకు తెలీదు. నా జాయింటు మాత్రం కాదు.”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న రకం నేను. ఆయన చేతిగుడ్డతో నిపిల్‌ని ఓసారి తుడిచి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచీ బండి రెండు మూడు రోజులకోసారి ఆగేది. ఆగడం కూడా ఎక్కడ? తుష్నాబాద్ దారిలో నిటారుగా ఎక్కే ఒక మలుపు దగ్గర. ఆ మలుపు పక్కన, చెట్ల వెనక, చాటుగా సారా అమ్మే గుడిసె ఒకటుండేది. ఆ గుట్ట ఎక్కాలంటే ఏ ఇంజనైనా ఒళ్లు దాచుకోకుండా లాగాలి. అందుకే అక్కడ ఆగేది. కాని దారిన పోయేవాళ్లకి ఇంజన్ సంగతులెందుకు? సారా గుడిసె ముందు లారీ ఆగి ఉంది, డ్రైవర్ బానెట్ ఎత్తి అటూ ఇటూ తిరుగుతున్నాడు, గంట తర్వాత బండి కదిలింది. చూసినవాళ్లకి ఇంతే కనిపించింది.

పాత కథ తెలిసిన ఊరు. పదిహేను రోజుల్లో మాట తుష్నాబాద్ నుంచి జెట్టీదాకా, అక్కడి నుంచి వర్క్‌షాప్ ఆఫీసరైన మా సాబ్ గదిదాకా వెళ్లింది. చెక్క సాయంత్రం దాటాక చేరుతోందని, డ్రైవర్ దారిలో తాగుతున్నాడని ఎవరో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టారు. సాబ్ మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాడు. చెడ్డవాడని చెప్పను, కాగితం మనిషి. బండి కండిషన్ మీద రిపోర్టు ఇమ్మన్నాడు.

ఆ రిపోర్టు రాసింది నేను.

ట్యాంకు నిండా డీజిల్ పోయించి, ఖాళీ బండిని చాతందాకా తిప్పి తెచ్చాను. గుర్రంలా పరుగెత్తింది. మళ్లీ అట్టముక్క పరిచాను, మళ్లీ పొడి. ‘ఇంధనం లైనులో ఎక్కడా లీకు లేదు. వాహనంలో లోపం లేదు’ అని రాసి సంతకం పెట్టాను. నిజమే రాస్తున్నానని పూర్తిగా నమ్మాను. అబద్ధం రాసినవాడికి రాత్రుళ్లు నిద్ర పట్టదంటారు. నాలాంటి తెలివైనవాడికి హాయిగా పడుతుంది.

పైగా సాబ్ ఇంకో డ్రైవర్ని రెండు రోజులు ఆ బండి మీద పెట్టాడు. అతను కొత్తగా ఎక్కాడు కాబట్టి ట్యాంకు నింపించుకునే బయల్దేరాడు. లోడు కూడా నాలుగు సిమెంటు బస్తాలే. బండి ఎక్కడా ఆగలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నేను చేసిన పని అంతా వెళ్లి బాబాయ్ నెత్తిన పడింది. విచారణ తేదీ వేశారు. తాగి బండి నడిపినట్టు తేలితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం ఎలాగున్నా, పదకొండేళ్లుగా నిలబెట్టుకున్న మాట పోతుంది.

బాబాయ్ ఉస్తాద్ దగ్గరికి వచ్చి ఒకటే అడిగాడు. నేను పక్కనే రెంచీలు తుడుస్తున్నాను.

“ఉస్తాద్, విచారణకి ముందు ఒక్కసారి నా లోడు నాకివ్వండి. ట్యాంకు సగమే ఉండాలి. ఈ అబ్బాయిని నా పక్కన కూర్చోబెట్టండి. బస్, ఔర్ కుఛ్ నహీ.”

ఇంకేమీ వద్దన్నాడు. ఉస్తాద్ నా వంక చూసి, “జా బేటా”, వెళ్లు బాబూ అన్నాడు.

విచారణకి రెండు రోజుల ముందు, పొద్దున్నే చాతంలో చెక్క ఎత్తుకుని బయల్దేరాం. ఇక్కడి అడవుల పడౌక్ దూలాలు, పచ్చి చెక్క, బండి గట్టిగా మూలుగుతోంది. దారంతా బాబాయ్ బండి గురించి ఒక్క మాట ఎత్తలేదు. మా నాన్న వలకి ఈమధ్య ఏం పడుతున్నాయని అడిగాడు. సుర్మాయి, అదే వంజరం, పడుతోందని చెప్పాను. మీ పిన్నికి సుర్మాయి పులుసంటే ప్రాణమన్నాడు. నేను మాత్రం మనసులో బండి ఆగకూడదని కోరుకుంటున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ పూట నేను కోరుకున్నది అదే.

ఆ మలుపు దగ్గర గుట్ట ఎక్కడం మొదలైంది. సగం ఎక్కేసరికి ఇంజన్ ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. బాబాయ్ గేరు మార్చాడు, లాభం లేకపోయింది. ఆగిపోయింది. ఆయన హ్యాండ్ బ్రేకు లాగి, కిందకి దిగి, చక్రాల వెనక రాళ్లు పెట్టి, పక్కకి వెళ్లి నిలబడ్డాడు. చూడమన్నట్టు చెయ్యి చూపించాడంతే.

చేతి పంపు కొట్టాను. స్క్రూ దగ్గర నురగ బుసబుసా పొంగింది. అలవాటు కొద్దీ అట్టముక్క తీసి జాయింటు కింద పెట్టాను. పొడి. వేలు పెట్టి తడిమాను. పొడి. పిచ్చెత్తిపోయింది. ఇంతలో చెట్ల వెనక నుంచి ఇద్దరు మనుషులొచ్చి లారీనీ బాబాయ్‌నీ చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటూ పోయారు. ఆయన తల దించుకోలేదు. వాళ్లు వెళ్లేదాకా అలాగే వాళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. నాకు మాత్రం చెవులు మండాయి. ఇలా ఎన్నిసార్లు నిలబడ్డాడో కదా ఈ మనిషి అని మొదటిసారి అనిపించింది.

“బాబాయ్, మా డోంగీలో ఇలా ఎప్పుడూ కాలేదు” అన్నాను.

“మీ డోంగీలో ట్యాంకు ఎక్కడుంటదిరా?”

“పైన. ఇంజన్ కంటే పైన కట్టుకుంటాం.”

“మరి దీనికి?”

కింద. చక్రాల మధ్యన, పంపు కంటే చాలా కింద.

ఆయన రోడ్డు పక్కనున్న బొప్పాయి చెట్టు నుంచి ఒక ఆకు విరిచి, కాడ మాత్రం ఉంచుకున్నాడు. బొప్పాయి కాడ లోపల డొల్లగా ఉంటుంది. మన పిల్లలు కొబ్బరిబొండంలో పెట్టుకుని తాగేది దాంతోనే. మధ్యలో గోటితో చిన్న గాటు పెట్టి నా చేతికిచ్చాడు. “దీంతో బొండం తాగితే నీళ్లు ఈ గాటులోంచి కిందకి కారతాయా?”

కారవు. నోట్లోకి గాలి వస్తుంది. మా దీవుల్లో ఐదేళ్ల పిల్లకి కూడా తెలిసిన సంగతి అది.

పై నుంచి దిగే నూనె లీకైతే కారుతుంది. కింద నుంచి పీల్చేది లీకైతే కారదు, గాలి పీలుస్తుంది. పడవ మీద పెరిగిన నాకు బొట్టు పడితేనే లీకు. లారీకి ఆ లెక్క చెల్లదు. ట్యాంకు నిండా ఉంటే పంపుకి పెద్దగా లాగే పని లేదు, సరిపోతుంది. సగానికి దిగి, పైన లోడు ఉండి, గుట్ట ఎదురైతే పంపు గట్టిగా పీలుస్తుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి గాలి లాక్కుంటుంది.

నా అనుమానం తీర్చుకోవడానికి ఒకే దారి తోచింది. లారీని డోంగీ చెయ్యాలి. ట్యాంకు దగ్గర రబ్బరు గొట్టం ఊడదీశాను. కేబిన్‌లో ఉన్న డీజిల్ క్యాను బానెట్ మీద ఎత్తి పెట్టి, గొట్టం దాంట్లో ముంచాను. పంపు దగ్గరి కొస కూడా తీసి నోటితో లాగి, నోరంతా డీజిలయ్యాక దాన్ని మళ్లీ నా ఇత్తడి నిపిల్‌కే ఎక్కించి క్లిప్పు బిగించాను. ఇప్పుడు డీజిల్ పై నుంచి దిగుతోంది. జాయింటు కింద అట్టముక్క పెట్టి కూర్చున్నాను.

మొదటి బొట్టు పడటానికి ఎంతోసేపు పట్టలేదు. నూలుదారం చుట్టిన మర దగ్గర తడి మెరిసింది, చేరింది, బొట్టయింది, అట్ట మీద పడింది. తర్వాత ఇంకోటి. రాయిలా కూర్చుందనుకున్న రంగు రోడ్డు కుదుపులకి వెంట్రుకవాసి పగిలి ఉంది. నెలన్నరగా నేను వెతుకుతున్న బొట్టు అది. నా చేతులతో నేను పెట్టిన జాయింటు లోంచే వచ్చింది.

“బాబాయ్...” అన్నాను. ఆయన వచ్చి వంగి చూశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషమో, ఇన్నాళ్ల కష్టమో నాకు తెలియదు. “కొండెక్కిద్దాం పద, బడివాళ్లు ఎదురుచూస్తుంటారు” అన్నాడు. బానెట్ మీది క్యానుతోనే, ట్యాంకులోంచి మళ్లీ మళ్లీ నింపుకుంటూ, ఇంజన్ ఒక్కసారి కూడా మొరాయించకుండా తుష్నాబాద్‌దాకా వెళ్లాం.

సాయంత్రం వర్క్‌షాప్‌లో ఉస్తాద్‌కి అంతా చూపించాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, నా మంచికోరే ఒక ఉపాయం చెప్పాడు. “లిఖ్ దే, రాస్తే మే ఢీలా హో గయా.” దారిలో వదులైపోయిందని రాసెయ్యి, ఎవరి తప్పూ ఉండదు, నీ ఉద్యోగమూ ఉంటుంది అని.

వినడానికి బాగుంది. ఆశపడ్డాను కూడా, ఎందుకు దాచాలి? పర్మనెంట్ కావడానికి ఇంకా ఆరు నెలలుంది. ఇప్పుడు తీసేస్తే మా నాన్న ముఖం ఎలా చూడాలి? కాని రోజూ పొద్దున జాయింట్లు చూసుకోవలసింది డ్రైవర్. దారిలో వదులైందంటే తప్పు మళ్లీ ఆయన మీదికే వస్తుంది. తాగుబోతు అన్నవాళ్లు రేపటి నుంచి అజాగ్రత్త మనిషంటారు. అంతే తేడా. అదీకాక, లోపం లేదని సంతకం పెట్టింది నేను. ఆ కాగితం బతికున్నంతకాలం ఆయన మాట నిలవదు.

విచారణ రోజు సాబ్ బల్ల మీద ఆ ఇత్తడి నిపిల్ పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. పడవ ఫిట్టింగు లారీకి వాడటం నా తప్పు, మర కలవకపోయినా దారం చుట్టి బిగించడం నా తప్పు, నిండు ట్యాంకుతో ఖాళీ బండి నడిపి రిపోర్టు రాయడం అన్నిటికంటే పెద్ద తప్పు అన్నాను. హిందీలో అంత పొడుగ్గా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఎన్నిచోట్ల ఆడా మగా కలిపేశానో దేవుడికెరుక.

సాబ్‌కి కోపమొచ్చింది. నీ సంతకం నమ్మి నేను ఒక మనిషి మీద కాగితం నడిపాను అన్నాడు. తర్వాత బాబాయ్ వైపు తిరిగి, గాలి పీలుస్తోందని తెలిసినప్పుడు నువ్వెందుకు గట్టిగా చెప్పలేదని అడిగాడు.

బాబాయ్ హిందీలోనే మెల్లగా చెప్పాడు. “తాగి మానేసినవాడి మాట ఎంతవరకు చెల్లుతుంది సాబ్? గట్టిగా అంటే తాగి అరుస్తున్నాడంటారు. మెల్లగా అంటే ఏదో దాస్తున్నాడంటారు. అందుకే ఈ అబ్బాయి కళ్లతోనే చూడాలనుకున్నాను. గంటసేపు అట్టముక్క పెట్టుకుని కూర్చున్నాడు సాబ్. అలా కూర్చునేవాడికి ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది.”

ఆయన మీద కేసు కొట్టేశారు. నాకు వార్నింగ్ ఇచ్చారు, పర్మనెంట్ ఇంకో ఏడాది వెనక్కి జరిగింది. మా నాన్న నెల్లాళ్లు ఊళ్లో ఎవరికీ కనిపించకుండా తిరిగాడు. ఓడలో సరుకు వచ్చేదాకా, ఆ వారమే మూలపడిన పాత లారీ నుంచి ఉక్కు పైపు, దాని బోల్టూ తీసి వేశాను. పాత రాగి వాషర్లని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడతాయి. బిగిస్తే రెండు వైపులా ఒదిగి కూర్చుంటాయి, దారమూ రంగూ అక్కర్లేదు. ఆ తర్వాత మా వర్క్‌షాప్‌లో ఏ బండికి పైపు మార్చినా క్యాను పైకెత్తి జాయింటు చూడందే బయటికి పంపలేదు. మీకు నేను చెప్పగలిగిన విద్య ఇంతే. ఫిట్టింగు కొనేటప్పుడు అది మెరుస్తోందా అని చూడకండి. అది ఏ పనికి పుట్టిందో, మీరు ఏ పనికి పెడుతున్నారో చూడండి.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కాని ఆపితే సగమే చెప్పినట్టవుతుంది.

సాబ్ గది నుంచి బయటికొచ్చాక బాబాయ్‌ని క్షమించమని అడిగాను. ఆయన కాసేపు నడిచి, నాకేసి చూడకుండానే అన్నాడు. “నాకు చెప్పావు, సాబ్‌కి చెప్పావు. ఇంట్లో మనిషికెవరు చెప్తారురా?”

“మీరే చెప్పండి బాబాయ్, సంతోషిస్తది పిన్ని.”

“నేను చెప్తే ఎలాగవుద్ది? నెలన్నర నుంచి నేను చెప్తూనే ఉన్నాను కదా.”

షాదీపూర్‌లో ఆయన ఇంటికి ఇద్దరం నడిచే వెళ్లాం. పిన్ని అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆమెని అంతకుముందు చర్చి గేటు దగ్గర చూశానుగాని ఎప్పుడూ మాట్లాడలేదు. చేట పక్కన పెట్టి లేవబోయింది. వద్దు కూర్చోండి పిన్నీ అని, నేను నేలమీదే కూర్చుని చెప్పాను. పైపు విరగడం, నిపిల్ తేవడం, అట్టముక్క, రిపోర్టు, గుట్ట మీద పడిన బొట్టు, అన్నీ. పంపూ గాలీ ఆమెకెంత అర్థమయ్యాయో తెలియదు. బండి ఆగినప్పుడల్లా తప్పు నాదే పిన్నీ, బాబాయ్ గొంతులో చుక్క దిగలేదు అన్నది మాత్రం అర్థమైంది.

ఆమె బియ్యంలో వేళ్లు పెట్టి ఊరికే కదుపుతూ కూర్చుంది. తర్వాత నాతోనే అంది, ఆయన వైపు చూడలేక.

“నేను రోజూ ఆయన చొక్కా వాసన చూసేదాన్ని బాబూ. ఉతకడానికి తీసుకెళ్తున్నట్టు పెరట్లోకి తీసుకెళ్లి చూసేదాన్ని. డీజిల్ వాసన తప్ప ఏమీ వచ్చేది కాదు. అయినా మర్నాడు మళ్లీ చూసేదాన్ని. పదకొండేళ్లయినా నాకు నమ్మకం చాల్లేదు చూడు.”

బాబాయ్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాడు.

“నాకు తెలుసులేవే,” అన్నాడు. “అందుకే కదా దండెం మీద వెయ్యకుండా రోజూ నీ చేతికే ఇచ్చాను.”